వాస్తు చూశారు సరే, నేల సంగతి చూశారా?

సూరత్ మరమగ్గాల మీద బతుకుతూ వడోద్ వైపు ఫ్లాట్ కొనే మన తెలుగువాళ్ళు బిల్డర్‌ని మొదట అడిగేది సింహద్వారం ఏ దిక్కుకని. తర్వాత పూజగది ఎక్కడని. పునాది కింద ఏముందని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

సూరత్ తాపీ నది తెచ్చిపోసిన ఒండ్రు మీద పెరిగిన ఊరు. ఒండ్రులో వదులు ఇసుక ఉండి, అది నీటితో నిండి ఉంటే, గట్టి భూకంపానికి ఇసుక రేణువులు దగ్గరకు సర్దుకోబోతాయి. మధ్యలో ఉన్న నీటికి బయటపడే వ్యవధి ఉండదు. నీటి ఒత్తిడి పెరిగి రేణువుల మధ్య పట్టు పోతుంది. అంతవరకు ఇంటిని మోసిన నేల కాసేపు చిక్కటి ద్రవంలా మారుతుంది. నేల ద్రవీకరణం అంటే ఇదే.

"పైన బంకమన్నేగా, భయమేముంది?" అనేవాళ్ళు కాండ్లా రేవు సంగతి తెలుసుకోవాలి. అక్కడి పోర్టు, కస్టమ్స్ టవర్ కింద సుమారు 10 మీటర్ల బంకమన్ను, దాని కింద ఇసుక నేల. 2001 జనవరి 26 భుజ్ భూకంపంలో ఆ ఇసుక ద్రవీకరణం చెంది, 32 పైల్స్ మీద నిలబెట్టిన టవర్ పక్కకు ఒరిగింది.

1934 బీహార్ భూకంపం అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నారు గాంధీజీ. టాగూర్ ఒప్పుకోలేదు. అంటరానితనం దేశమంతటా ఉంది. ఇళ్ళు కుంగిపోయింది మాత్రం ఉత్తర బీహార్‌లో, తడి ఇసుక ఉన్న ఒండ్రు మీద. పాపానికి ఇసుకంటే అంత ఇష్టమెందుకో!

నేల గుణం కొలవడానికి దివ్యదృష్టి అక్కర్లేదు. బోరు వేసి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. దెబ్బలు తక్కువైతే ఇసుక వదులు. నీటిమట్టం, సన్నమట్టి పాలు, రాగల భూకంప తీవ్రత కలిపి చూసి, నేల తట్టుకోగల బలాన్ని దాని మీద పడే ఒత్తిడితో భాగిస్తారు. ఫలితం 1 కన్నా తగ్గితే ప్రమాదం. భారత ప్రమాణం ఐఎస్ 1893లో 2016 నాటి కూర్పు ఈ పద్ధతిని వివరంగా ఇచ్చింది.

వడోద్ కుంగిపోతుందని నేననడం లేదు. ప్రతి ఒండ్రూ ద్రవీకరణం చెందదు, స్థలానికీ స్థలానికీ తేడా ఉంటుంది. అందుకే పరీక్షించమంటున్నాను. ప్రమాదం ఉందని ముందే తేలితే ఇసుకను దట్టించవచ్చు, పైల్స్‌ను గట్టి పొర దాకా దింపవచ్చు. ద్వారం దిక్కు మార్చితే ఈ రెండిట్లో ఏదీ జరగదు.

ఏళ్ళ తరబడి మగ్గం దగ్గర నిలబడి కూడబెట్టిన డబ్బది. వాస్తు పండితుడికి దక్షిణ ఇచ్చే ముందు బిల్డర్‌ని సాయిల్ రిపోర్ట్ అడగండి. లేదంటే, ఎందుకు లేదో కూడా అడగండి.