హైస్కూలులో మూలమట్టము

తెలుగునాట నేడు ఎనిమిదవ తరగతి చదువుచున్న పిల్లవానిని పెద్దవాడవై ఏమి కాదలచితివని అడిగినచో, ప్రశ్న పూర్తి కాకముందే ఇంజనీరునని జవాబు వచ్చును. వాడు చదువు బడి పేరునందో, బడి బస్సు వెనుక వ్రాయించిన ప్రకటనయందో ఐఐటీ అను మాట లేకుండుట అరుదు. ఫౌండేషను అను పేరిట ఆరవ తరగతినుండియే వానిచేత బిట్లు చేయించుట మొదలగును. ఇంత యత్నము ఏ విద్యకొరకు జరుగుచున్నదో ఆ విద్య మాత్రము ఆ బడి గడప త్రొక్కదు. ఉలి పట్టి చెక్కను తొలుచుట, తాను కూర్చున్న బల్లను కొలిచి దాని పటమును స్కేలు ప్రకారము గీయుట, ఇనుపముక్కను ఆకురాయితో చదును చేయుట అనునవి వానికి పదునెనిమిదవ యేట, బి.టెక్. మొదటి సంవత్సరమున, వర్క్‌షాపు అను షెడ్డులో తొలిసారి ఎదురగును.

ఆ షెడ్డులో జరుగు తంతు చూచినవారికే తెలియును. వడ్రంగము, ఫిట్టింగు, రేకుపని, ఇంటి వైరింగు, ఒక్కొక్కదానికి కొన్ని పూటలు. రెండు చెక్కముక్కలనిచ్చి, చెరిసగము మందము తొలిచి ఒకదానిలో ఒకటి ఇమిడించుమందురు. వాడు రంపము పట్టిన తీరు చూచి, ప్రక్కనున్న ల్యాబు సహాయకుడు జాలిపడి తానే కోసి యిచ్చును. రికార్డులో మాత్రము ఆ పని విధానమంతయు ముత్యాలవంటి అక్షరములతో వెలయును. ఇక ఇంజనీరింగు డ్రాయింగు సంగతి చెప్పనక్కరలేదు; గణితమున నూటికి నూరు తెచ్చుకొన్నవారికి సైతము అది సింహస్వప్నము. ఒక వస్తువును ముందునుండి, పైనుండి, ప్రక్కనుండి చూచినట్లు వేర్వేరు పటములుగా కాగితముపై పరచుట సూత్రములు వల్లించినంతనే వచ్చునది కాదు. పండ్రెండు పదమూడేండ్ల ప్రాయమునుండి కంటిచేతను చేతిచేతను సాధకము చేయించినగాని పట్టుబడదు.

జూనియరు ఇంటర్మీడియటు భౌతికశాస్త్ర ప్రయోగశాలలో వెర్నియరు కాలిపర్సు ఉండును. విద్యార్థి దానితో ఒక గోళపు వ్యాసమును కొలిచి ఘనపరిమాణమును లెక్కగట్టును. రావలసిన జవాబు ముందే తెలియును గనుక, దానికి తగినట్లు రీడింగులను వెనుకనుండి వ్రాసికొను నేర్పును అక్కడనే అలవడును. అదే పనిముట్టు ఐటీఐలో ఫిట్టరు ట్రేడు నేర్చువాని చేతను ఉండును. వానికి తొలిదినములలో ఒక మైల్డుస్టీలు ముక్కనిచ్చి, వైసులో బిగించి, ప్రక్కలు చదునుగను, మూలలు సరిగా తొంబది డిగ్రీలుగను తీర్చుమందురు. వాడు కొంతసేపు రుద్ది, ముక్కను విప్పి, మూలమట్టమును దానికి ఆనించి వెలుతురున కెదురుగా ఎత్తి చూచును. అంచునకును మట్టమునకును నడుమ సన్నని వెలుగుగీత కనుపించెనా, ఆ చోట పల్లమున్నట్లే, మరల రుద్దవలసినదే. అతిగా రుద్దినచో కొలత తగ్గును, తగ్గిన లోహమును తిరిగి అతికించువారు లేరు. ఈ ఇద్దరిలో కొలత యనగా ఏమో తెలిసినవాడెవడని నన్నడిగినచో, నేను సంకోచింపక రెండవవానినే చూపుదును.

పైథాగరసు సిద్ధాంతము బడి గణితమున కలదు. ఇంటి పునాదికి ముగ్గు పోయుచున్న మేస్త్రి మూలవద్ద మేకు దిగగొట్టి, ఒక దారముమీద మూడడుగులకొక గుర్తును, రెండవ దారముమీద నాలుగడుగులకొక గుర్తును పెట్టి, ఆ రెండు గుర్తుల నడుమ సరిగా ఐదడుగులు వచ్చువరకు దారమును జరుపును. అంతట మూల తిన్నగా కుదురును. గోడలమీద మట్టము తీయుటకు నీరు నింపిన సన్నని గొట్టమును ఈ కొసనుండి ఆ కొసకు పట్టుకొని పోవును. ఆ మేస్త్రికి సిద్ధాంతము పేరు తెలియదు. నిరూపణమును కంఠస్థము చేసి మార్కులు గడించిన బాలునకు ఆ దారముతో పని పడలేదు. ఇద్దరును ఒకే ఊర ఉందురు.

పాశ్చాత్యదేశములు ఈ లోపమును మనకన్న చాల ముందుగా గుర్తించినవి. ఫిన్లండు 1866లోనే చేతిపనిని బడిచదువులో భాగము చేసెను. మాస్కోలోని సామ్రాజ్య సాంకేతిక విద్యాలయమున విక్టరు డెల్లావోసు అను నాతడు, పనితనమును గురువువెంట ఏండ్లతరబడి తిరిగి అనుకరించుటచేతనే గాక, కోతలుగను అతుకులుగను విడదీసి, తేలికనుండి కష్టమునకు వరుసగా, తరగతి గదిలోనే నేర్పవచ్చునని నిరూపించెను. ఆ పాఠముల వరుస 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనమున అమెరికనుల కంటబడినది. సెయింట్ లూయిస్ నగరమున కాల్విన్ వుడ్‌వర్డ్ అను గణితాచార్యుడు, యంత్రసూత్రములను వివరించు కొయ్యనమూనాలను చేసికొని రమ్మనగా తన శిష్యులు పనిముట్లు పట్టజాలక తెల్లమొగములు వేయుట చూచి, 1880లో హైస్కూలు ఈడు బాలురకు ఒక శిక్షణాలయమును తెరిచెను. అందు గణితము, విజ్ఞానము, భాష, డ్రాయింగు, చేతిపని కలిసి సాగెడివి. మన బి.టెక్. షెడ్డులోని ల్యాబు సహాయకునికి వుడ్‌వర్డుగారి కష్టము చక్కగా అర్థము కాగలదు.

మన పెద్దలును ఊరకుండలేదు. 1937 అక్టోబరున వార్ధాలో గాంధీజీ చేతివృత్తి కేంద్రముగా విద్య సాగవలెనని ప్రతిపాదింపగా, జాకీర్ హుస్సేను సంఘము దానికి ప్రణాళిక రచించెను. 1952-53లో లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన పనిచేసిన మాధ్యమిక విద్యాసంఘము హైస్కూలు చదువును ఏడు శాఖలుగా విభజించి, అందు సాంకేతిక శాఖను ఒకటిగా చేర్చెను. అనువర్తిత గణితము, రేఖాగణిత చిత్రలేఖనము, యాంత్రిక విద్యుత్ ఇంజనీరింగుల మూలాంశములు దానిలోని పాఠ్యవిషయములు. ఆ శాఖలను నడిపిన మల్టీపర్పసు హైస్కూళ్ల పేరు పాతతరమువారికి ఇంకను జ్ఞాపకముండును. తరువాతి కొఠారీ విద్యాసంఘము చదువులో పని అనుభవము ఉండవలెననెను. 1986 నాటి జాతీయ విధానము ఉన్నత మాధ్యమిక విద్యార్థులలో 1990 నాటికి నూటికి పదిమందిని, 1995 నాటికి ఇరువదియైదుగురిని వృత్తివిద్యలోనికి తెచ్చెదననెను. 2020 విధానము 2025 నాటికి మొత్తము విద్యార్థులలో సగముమందికైనను ఆ విద్యతో పరిచయము కలిగింతుననెను. గడువు దాటినకొలది లక్ష్యము పెరుగుట మన విద్యాశాఖల సంప్రదాయము.

ఇంతమంది మహానుభావులు చెప్పినది ఏల వేరూనలేదు? నిధులు లేవు, ఉపాధ్యాయులు లేరు అను సమాధానములు నిజమే కాని, వాని క్రింద మరియొకటి కలదు. 1953లో మద్రాసు రాష్ట్రమున ముఖ్యమంత్రి రాజగోపాలాచారిగారు గ్రామప్రాంతపు ప్రాథమిక పాఠశాలలలో ఒకపూట బడి, మిగిలినపూట ఇంటివద్ద తల్లిదండ్రుల వృత్తి అను పథకమును ప్రవేశపెట్టగా, అది కులవిద్యయని ప్రజలు తిరుగబడిరి. మరుసటి సంవత్సరము ఆయన పదవి వీడెను, తరువాత ముఖ్యమంత్రియైన కామరాజుగారు పథకమును ఎత్తివేసిరి. ఆ ప్రజల అనుమానము న్యాయమైనదని నా నిశ్చితాభిప్రాయము. ఉద్యోగి బిడ్డకు బీజగణితమును, వడ్రంగి బిడ్డకు బాడిశను పంచిపెట్టు చదువు చదువు కాదు. మొదలియారు సంఘపు యోచనలో కులప్రసక్తి లేకపోయినను, పదునాలుగేండ్లకే పిల్లలను వేరు శాఖలలోనికి చీల్చుటవలన, ఆ సాంకేతిక శాఖ లెక్కలు రానివారి దారి యను అపఖ్యాతి దానికి తేలికగా అంటుకొనినది. నేటి ఐటీఐలకు, ఇంటర్మీడియటు ఒకేషనలు కోర్సులకు అంటినదియు ఆ మరకయే. కావున చేతిపని ఒక శాఖగా గాక, కలెక్టరు కూతురు, కమ్మరి కొడుకు ఒకే బల్లవద్ద నిలిచి చేయు పాఠముగా రావలెను. ఎవరి తండ్రి వృత్తిని వారికి అంటగట్టుట కాదు, ఎవరికిని తెలియనిదానిని అందరికిని నేర్పుట జరుగవలెను.

ఇటీవలి ప్రయత్నములలో అటల్ టింకరింగు ల్యాబులు చెప్పుకోదగినవి. 2016లో నీతి ఆయోగు ఆరంభించిన అటల్ ఇన్నొవేషను మిషను క్రింద, ఆరవ తరగతినుండి పండ్రెండవ తరగతివరకు చదువు పిల్లలకొరకు, ఒక్కొక్క బడికి ఇరువది లక్షల రూపాయల సహాయము నిర్ణయించిరి. దేశమున పదివేల ల్యాబులు వెలసినవి, 2025 బడ్జెటులో మరి యేబదివేలు ప్రకటించిరి. సంతోషమే. కాని త్రీడీ ప్రింటరు వచ్చిన గదిలో తగినన్ని రంపములు, కొలతపట్టీలు ఉన్నవా అనునది నాకు అంతకన్న ముఖ్యమైన ప్రశ్న. టైంటేబులులో పీరియడు లేని గది తనిఖీల దినమున మాత్రమే తెరువబడుట వింత కాదు.

వాస్తుశిల్పమును గూర్చి ఒక్క మాట. బి.ఆర్క్. ప్రవేశమునకై జేఈఈలో డ్రాయింగు పరీక్ష కలదు, మన ఎం.పి.సి.లో డ్రాయింగు అను పాఠ్యాంశమే లేదు. సీబీఎస్ఈ బడులలో ఇంజనీరింగు గ్రాఫిక్సు ఎంచుకొను వీలైనను ఉన్నది. రెండు తెలుగు రాష్ట్రముల బోర్డులకు ఆపాటి వెసులుబాటు కల్పించుట అసాధ్యము కాదు.

నా మనవి మితమైనది. ఎనిమిది, తొమ్మిది తరగతులలో వారమునకు ఒకమారు రెండు పీరియడులు కలిపి ఒక పూట; మొదటి సంవత్సరము కొలుచుట, గీయుట, రెండవ సంవత్సరము గీసినదానిని చేయుట. బోధించుటకు బి.ఇడి. పట్టాయే కావలెనను పట్టుదల విడిచి, ఊరిలోని వడ్రంగిని, రిటైరయిన ఫిట్టరును, అనుభవమున్న మేస్త్రిని గౌరవవేతనముతో పిలువవలెను. పిల్లలు వారిని మాస్టరుగారనవలెను. పదవ తరగతి పబ్లికు పరీక్షలో దీనికి కొన్ని మార్కులు ఉండితీరవలెను, ఏలయన మార్కులు లేని విద్యను మన తల్లిదండ్రులు విద్యగా లెక్కింపరు; ఇది విచారకరమైనను వాస్తవము.

పాఠకులలో పాఠశాల యాజమాన్య కమిటీల సభ్యులు పలువురుందురు. వచ్చు సమావేశమున ప్రధానోపాధ్యాయులను రెండు ప్రశ్నలడుగుడు: టింకరింగు ల్యాబునకు వారమునకెన్ని పీరియడులు కేటాయించితిరి? ఆ గది తాళపుచెవి ఎవరియొద్ద ఉన్నది? ల్యాబు లేని బడియైనచో, ఒక మూలమట్టము, కొలతపట్టీ, రంపము, ఆకురాయి కొనుటకు ఎంత కావలెనో అడిగి, ఆ మొత్తమును అదే సమావేశమున తీర్మానము చేయింపుడు.