నెత్తురు కడిగిన లెక్క చెప్పాలె

హసన్‌పర్తి నుంచి వారానికి మూడుసార్లు బస్సెక్కి వరంగల్ పోయి డయాలసిస్ చేయించుకొని వస్తున్న కూలి తమ్ముణ్ణి మొన్న అడిగిన, ఎట్ల నడుస్తందని. "మిషన్ మీద పండవెడ్తున్నరు సారూ" అన్నడు. నెత్తురు ఎంత శుభ్రమైతంది అంటే, "అది మనకెందుకు చెప్తరు సారూ?" అన్నడు.

ఎందుకు చెప్పరు? ఆరోగ్యశ్రీ కింద పైసలు కట్టే పని లేదు, మంచిదే. ఉచితమని నోరు మూసుకోవాల్నా? మిషన్ ఎక్కుడు వేరు, నెత్తురు శుభ్రం కావుడు వేరు.

దీన్ని కొలిచే లెక్క మా ఏడో తరగతి పిల్లలకు కూడా వస్తది. డయాలసిస్‌కు ముందు నెత్తుర్ల యూరియా 140 ఉన్నదనుకుందాం. అయిపోయినంక 42. తగ్గింది 98, అంటే నూటికి 70. వారానికి మూడుసార్లు చేయించుకునేవాళ్ళకు ఇది నూటికి 65 కన్న తగ్గొద్దు. 140 నుంచి 63కే దిగితే నూటికి 55. అంటే చాలలేదు. డాక్టర్లు ఇంకా కచ్చితంగా 'కేటీ బై వీ' అని కడ్తరు. అది 1.2 కన్న తగ్గొద్దు.

తగ్గేది ఎందుకు? చేతి ఫిస్టులా సరిగ్గ పనిచేయకపోవచ్చు, నెత్తురు మెల్లగ పారవచ్చు, నాలుగు గంటలు నిండకముందే దించవచ్చు. ఇందుల మన తప్పూ ఉన్నది. బస్సు పోతదని "అరగంట ముందే తీయుండ్రి" అని మనమే బతిమాలుతున్నం. ఆ అరగంటల పోవాల్సిన విషం ఒంట్లనే ఉంటది.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. యూరియా మనం తినే పప్పు, గుడ్డు, మాంసం నుంచి పుడ్తది. కడుపునిండ తిననోనికి యూరియా ముందే తక్కువ చూపెడ్తది. కాగితం చూసి బాగున్నడు అనుకుంటరు. అది బాగుండుడు కాదు, కంచం ఖాళీగ ఉండుడు! అందుకే ఒక్క అంకె చూసి ఆగొద్దు. ఆకలి, బరువు, బీపీ, హిమోగ్లోబిన్, కాళ్ళ వాపు, అన్నీ చూడాలె.

ఒక్కసారి డయాలసిస్‌కు సుమారు 120 లీటర్ల శుద్ధిచేసిన నీళ్ళు పడ్తయి. బాయికాడ కడవెడు నీళ్ళ కోసం దూరంగ నిలబడ్డ తాతల మనుమలం మనం. ఈ నీళ్ళు మన ఒంట్ల ఏం పని చేసినయో అడిగితే తప్పేంది?

ప్రతి వాడలో కార్యకర్తలు డయాలసిస్ పేషెంట్లకు ఒక నోటుబుక్కు పెట్టించాలె. ప్రతిసారి ఎన్ని నిమిషాలు నడిచింది, ముందు బరువెంత, తర్వాత ఎంత అని రాయించాలె. యూరియా మాత్రం నెలకోసారి, ముందుదీ తర్వాతదీ ఒకే రోజుది అడిగి తీసుకోవాలె. సోమవారం ఆ తమ్మునితోని మేమిద్దరం పోతున్నం.