పద్దు చెప్పే దారి

ఆస్పత్రికి వెళ్ళినవారికెల్లా వచ్చే సందేహమే ఇది: ఇక్కడ ఏ పని తరవాత ఏ పని? గోడమీది బోర్డు ఒకటి చెబుతుంది, జరిగేది మరొకటి. నిజం తెలియాలంటే పద్దును అడగమంటున్నారు శాస్త్రజ్ఞులు.

ఈ రోజుల్లో పెద్ద ఆస్పత్రుల్లో ఏ పని జరిగినా కంప్యూటరు పద్దులో మూడు సంగతులు పడతాయి: ఏ రోగికి, ఏ పని, ఎన్ని గంటలకు. ఆ పద్దులోంచి పని నడిచే దారిని పటంగా గీసే పద్ధతి ఒకదాన్ని, హాలెండులోని ఐండ్‌హోవెన్ విశ్వవిద్యాలయంలో అప్పుడు ఆచార్యుడైన విల్ వాన్ డెర్ ఆల్స్ట్ తన సహచరులతో కలిసి 2004లో ప్రచురించాడు.

కిటుకు సులువే. చీటీ రాయించిన వెంటనే రక్తపరీక్ష జరుగుతూ, ఎన్నడూ తారుమారు కాకపోతే, మొదటిది రెండోదానికి దారి అన్నమాట. రక్తపరీక్ష, ఎక్స్‌రే కొందరికి అటూ కొందరికి ఇటూ జరిగితే? వాటికి ముందు వెనకలు లేవు, దేనిపాటికది జరగవచ్చు.

కాని అసలు పద్దు ఇంత బుద్ధిగా వుండదు. 2011లో పరిశోధకుల పోటీకి ఇచ్చిన ఒక డచ్చి ఆస్పత్రి పద్దులో 1,143 మంది రోగులకు 1,50,291 నమోదులున్నాయి! అలాంటివన్నీ గీస్తే పటం చిక్కుపడ్డ నూలుకండె అవుతుంది. శాస్త్రజ్ఞులు దానికి మన సేమ్యాకు అన్నగారైన స్పాగెట్టీ పేరు పెట్టారు.

2007లో క్రిస్టియన్ గుంతర్, ఆల్స్ట్ కలిసి ఒక ఉపాయం చెప్పారు. దేశపటంలో రాజమార్గాలే గాని సందుగొందులు చూపరు కదా! అలాగే తరచు నడిచే దారులు వుంచి, అరుదైనవాటిని కలిపేయడమో వదిలేయడమో చేయాలి.

జాగ్రత్త కావలసింది ఇక్కడే. వెయ్యిమందిలో ఒక్కరికి పరీక్ష ఫలితం రాకముందే ఆపరేషను జరిగిందనుకోండి. పటం తేటగా వుండాలని ఆ సన్నగీత చెరిపేస్తే, పైవారికి అంతా సవ్యంగానే కనబడుతుంది. ఆ ఒక్కరూ మన ఇంటివారైతే? కనుక దారి తెలుసుకోవటానికి పెద్దగీతల పటం చూడాలి. పొరపాటు పట్టుకోవటానికి సన్నగీతలూ చూడాలి.

మరో మాట. చీటీకీ పరీక్షకూ నడుమ గంటలు లెక్కిస్తే, వరండాలో ముసలమ్మ ఎంతసేపు కాచుకున్నదో పద్దే చెబుతుంది. ఎందుకు కాచుకున్నదో మాత్రం ఎవరైనా వెళ్ళి ఆమెనే అడగాలి.