ఒకే శివారు, రెండు సర్కారు బడులు

జూన్ నెల వచ్చిందంటే ఆదివారం ఆరాధన ముగిశాక మన సంఘాల్లో వినిపించే మాట ఒక్కటే: "పిల్లల్ని ఏ బడిలో వేశారు?" జవాబుగా వచ్చే పేర్లలో చాలావాటి చివర 'పబ్లిక్ స్కూల్' అని ఉంటుంది. పేరులో పబ్లిక్ ఉన్నా అవి ఫీజు కట్టించుకునే ప్రైవేటు బడులే. నిజంగా ప్రజల సొమ్ముతో నడిచే బడి ఆ వీధి చివరే ఉన్నా, దాని పేరు మన మాటల్లోకి రాదు. ఈ వారం దాని గురించే ఆలోచిద్దాం.

2024–25 యూడైస్ ప్లస్ లెక్కల ప్రకారం ఒక్క విద్యార్థి కూడా లేని బడులు దేశంలో 7,993 ఉంటే, వాటిలో 2,245 తెలంగాణలోనే ఉన్నాయి. ఇవి చూసి సర్కారు బడులకు పిల్లలే రావడం లేదనుకుంటాం. కానీ రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాల నగర శివార్లలో కనిపించేది వేరు. పాత ఊరి మధ్యనున్న బడిలో గదులున్నాయి, పిల్లలు లేరు. అక్కడికి కాస్త దూరంలో, ఫ్యాక్టరీలు, కొత్త అపార్టుమెంట్ల పక్కనున్న బడిలో పిల్లలున్నారు, గదులు చాలవు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, బీహార్‌ల నుంచి పనికి వచ్చినవారి పిల్లలు వాళ్లు.

ఈ రెండు బడులను దేనితో పోల్చాలి? మనం సాధారణంగా చూసేది పదో తరగతి ఫలితాల శాతం. ఒక బడిలో 12 మంది పరీక్ష రాసి అందరూ పాసైతే నూరు శాతం. మరో బడిలో 140 మంది రాసి 126 మంది పాసైతే 90 శాతం. పట్టికలో మొదటిది పైనుంటుంది. ఎక్కువమంది పిల్లలను గట్టెక్కించింది మాత్రం రెండోదే. ఆ 140 మందిలో ఎందరు మధ్యలో వచ్చి చేరారో, ఎందరి ఇంటి భాష ఒడియానో హిందీయో ఆ శాతం చెప్పదు.

పాత ఊరి బడి కష్టం ఇంకో రకం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు టీచర్లుండాలి. కాగితం మీద ఇది మంచి నిష్పత్తే. కానీ తరగతులు అయిదు, టీచర్లు ఇద్దరు. ఒకరు రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పాల్సిందే. ఒకరు సెలవు పెడితే అయిదూ రెండోవారి మీద పడతాయి. అది చూసి మరో నలుగురు తల్లిదండ్రులు పిల్లల్ని ప్రైవేటు బస్సెక్కిస్తారు. పిల్లలు తగ్గినకొద్దీ పోస్టులు తగ్గుతాయి, పోస్టులు తగ్గినకొద్దీ పిల్లలు తగ్గుతారు. బడి చెడిపోయిందని మనం వెళ్లిపోతున్నామా, మనం వెళ్లిపోవడం వల్ల బడి చెడిపోతోందా? రెండూ నిజమే.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనలేం. 2022లో మొదలైన 'మన ఊరు–మన బడి' కింద 26,065 బడులను రూ. 7,289 కోట్లతో బాగుచేస్తామన్నారు. 2024లో 'అమ్మ ఆదర్శ పాఠశాల' కమిటీలు వచ్చాయి. అదే ఏడాది డీఎస్సీ ద్వారా కొత్త టీచర్లూ వచ్చారు. గోడలకు రంగు అవసరమే. కానీ మూడో తరగతి పిల్ల రెండో తరగతి పుస్తకం చదవగలుగుతోందా, ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్లున్నాయా, మామూలు మంగళవారం నాడు ఎందరు హాజరయ్యారు అన్నవే అసలు కొలతలు. వీటిని తెలుసుకోవాలంటే బడి గేటు దాటి లోపలికి వెళ్లాలి.

పిల్లల్ని ప్రైవేటు బడికి పంపిన తల్లిదండ్రులను మేము తప్పుపట్టడం లేదు. మాలోనూ చాలామంది అదే పని చేశాం. కానీ మన ఇళ్లలో పనిచేసే అక్క పిల్లలు, మన అపార్టుమెంటు వాచ్‌మన్ పిల్లలు చదివేది ఆ వీధి చివరి బడిలోనే. మన సంఘంలో వెనుక వరుసలో కూర్చునే కుటుంబాల పిల్లలూ అక్కడే ఉన్నారు. చట్టం చెప్పే పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. కూలి పోగొట్టుకుని ఆ సమావేశానికి వెళ్లడం వారికి సులభం కాదు. వెళ్లినా నోరు విప్పడానికి జంకుతారు. వారి పక్కన నిలబడి, అర్జీ రాసిపెట్టి, మండల విద్యాధికారి దగ్గరికి తోడు వెళ్లేవారు మన సంఘాల్లో లేరా? రిటైరైన టీచర్లు ఎందరు లేరు?

ఆదివారం తప్ప మిగతా ఆరు రోజులూ మన మందిరాల హాళ్లకు తాళమే. సాయంత్రం రెండు గంటలు తెరిచి, ఏ మతం పిల్లలైనా సరే, ఏ షరతూ పెట్టకుండా, లెక్కలూ చదువూ చెప్పవచ్చు. దానికి పెద్ద నిధులు అక్కర్లేదు.

వచ్చే జూన్‌లో "ఏ బడిలో వేశారు?" అని అడిగేటప్పుడు మరో ప్రశ్న కూడా అడుగుదాం: "మన వీధి చివరి బడిలో ఈ ఏడాది ఎంతమంది టీచర్లున్నారు?" జవాబు తెలియకపోతే, ఈ సోమవారమే వెళ్లి కనుక్కుందాం.