చేసి చూపించు చదువు

విశ్వవిద్యాలయ అధ్యాపకులు కొత్త పద్ధతులకు విముఖులను అపవాదు ఒకటి కలదు. సామర్థ్యాధార బోధన విషయమున అది ఎంతవరకు నిజమో కోనసీమనుండి చూచిన కొంత తేటపడును.

వైద్యవిద్యలో ఈ పద్ధతి 2019లో ప్రవేశించినది. ఆనాటి భారత వైద్యమండలి విధించిన ప్రణాళికనే, 2020లో దాని స్థానమున వచ్చిన జాతీయ వైద్య కమిషను కొనసాగించినది. అమలాపురమందలి వైద్య కళాశాలకును, ఢిల్లీలోని కళాశాలకును నియమమొక్కటే. అమెరికా విద్యావేత్త జార్జి మిల్లరు 1990లో చెప్పిన మెట్ల ననుసరించి తెలియుట, ఎట్లు చేయవలెనో తెలియుట, చేసి చూపుట, స్వయముగా చేయుట అని విద్యను విభజించిరి. గాయమునకు కుట్టు వేయుటను గూర్చి నాలుగు పుటలు వ్రాసిన చాలదు. గురువు చూచుచుండగా వేయవలెను. గురువు లాగ్ బుక్కులో సంతకము చేయవలెను.

ఈ సూత్రమును కాదను అధ్యాపకులు అరుదు. వారి అభ్యంతరము వేరు. నూటయేబదిమంది విద్యార్థుల తరగతిలో ఒక్కొక్కనిచేత ఒక్కొక్క పని చేయించి చూచుటకు మనుషులేరి, వేళ యేది? చూడకయే సంతకము పెట్టవలసి వచ్చినచో అది పాత పరీక్షకంటెను హీనము. పాత పరీక్షలో కనీసము సమాధాన పత్రమైనను మిగులును. నిరంతర సమగ్ర మూల్యాంకనము పేర రిజిస్టర్లు నింపిన బడిపంతుళ్ళకు ఈ బాధ వివరించి చెప్పనక్కరలేదు.

నిజమునకు కోనసీమకు ఈ పద్ధతి కొత్త కాదు. ఇచ్చటి వేదాధ్యయనములో గురువు సంత చెప్పును, శిష్యుడు వల్లించును. స్వరము కుదిరినగాని ముందుకు సాగనీయడు. కాలము శిష్యునిబట్టి సాగును, ప్రమాణము మాత్రము సడలదు. అయితే ఆ గురువు ముందు కూర్చుండువారు కొద్దిమంది. ఆ వాకిలి అందరికిని తెరువబడినదియు కాదు. నేటి కళాశాల వాకిలి మూయరాదు, ఏండ్లు పొడిగింపరాదు. ఇక సడలుటకు మిగిలినది ప్రమాణమొక్కటే! అధ్యాపకుల సంశయమంతయు ఇచ్చటనే యున్నది.

డిగ్రీ కళాశాలల సంగతి మరియొక తీరు. 2020-21 నుండి రాష్ట్రమున మూడేండ్ల డిగ్రీకి పదినెలల ఇంటర్న్‌షిప్పు చేర్చిరి. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము క్రింద అమలాపురము, రాజోలు, కొత్తపేటలలో చదువు బాలుడు ఎచ్చటికి పోవలెను? అంబాజీపేట కొబ్బరి వర్తకుని కొట్టులో వాణిజ్యశాస్త్ర విద్యార్థి చక్కగా నేర్చుకొనవచ్చును. కాని అతడు నేర్చినాడని చెప్పవలసినది వర్తకుడా, ఆ కొట్టు ఎన్నడును చూడని అధ్యాపకుడా? తెలుగు సాహిత్యము చదువువాని సామర్థ్యమును దేనితో కొలువవలెనన్నది ఇంకను చిక్కు ప్రశ్న. పద్యమునకు ప్రతిపదార్థము చెప్పుట కొలతకందును. పద్యము విని చలించుట అందదు.

కమిషను అధ్యాపకులకు శిక్షణ తరగతులు నడపుచున్నది, మంచిదే. అంతకంటె ముఖ్యమైనది ఆ లాగ్ బుక్కులోనే యున్నది. పని కుదరనప్పుడు ‘మరల చేయవలెను’ అని వ్రాయుటకు అందులో వీలు కల్పించిరి. ఏ కళాశాలలోనైన అధ్యాపకుల అభిప్రాయములు సేకరింపబూనినవారు, ముందుగా అక్కడి పుస్తకములు తెరచి, ఆ మాట ఎన్నిమార్లు వ్రాయబడినదో లెక్కింపవలెను.