చెత్త పాఠం బడి గుంత దగ్గరే

కృష్ణా డెల్టా చివరి భూముల్లో చెత్త దాచినా దాగదు. గుడివాడలో మురుగు కాలువలో పడేసిన కవరు నీటితోపాటు పల్లానికి సాగుతుంది. ఏ తూము దగ్గరో అడ్డం పడి చేల మునకకు తోడవుతుంది, లేదంటే బందరు తీరాన సముద్రంలో కలుస్తుంది. అందుకే ఇక్కడి ప్రాథమిక బడిలో చెత్త పాఠమంటే బొమ్మలకు రంగులు వేయించడం కాదు, పిల్లల చేత చేయించి చూపించడం. కావలసిన సామగ్రి మధ్యాహ్న భోజనమే ఇస్తుంది. మిగిలిన అన్నం, గుడ్డు పెంకులు, కూరగాయల తొక్కలు గుంతలో వేసి ఎండాకులు, మట్టి కప్పితే కొన్ని నెలల్లో ఎరువవుతుంది. వాటితోపాటు పాతిపెట్టిన చిక్కీ కవరు మాత్రం చెక్కుచెదరకుండా బయటికొస్తుంది. తడి, పొడి చెత్తలను ఎందుకు వేరుచేయాలో మూడో తరగతి పిల్లకు ఇంతకన్నా బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

‘బడికి పంపింది చెత్త ఎత్తడానికా?’ అని తల్లిదండ్రులు అడిగితే అందులో న్యాయముంది. ఊరి చెత్త పిల్లల చేత ఎత్తించకూడదు. ఆ పనిని కొందరు పిల్లలకే అంటగట్టడం అసలే కూడదు. తాము తిన్నదాన్ని అందరూ సమానంగా వేరుచేయడం మాత్రం చదువే. ‘చెత్త బండిలో మళ్లీ అన్నీ కలిపేస్తే ఏం లాభం?’ అన్నది రెండో మాట. ఇంట్లోనే వేరుచేసి ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి. 2021లో రాష్ట్రంలో మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మూడు రంగుల డబ్బాలు తెచ్చింది. అలవాటు లేని చోట డబ్బా వట్టి డబ్బానే. ఆ అలవాటు రోజూ చేస్తేనే పాతుకుంటుందని చల్లపల్లిలో 2014 నుంచి తెల్లవారుజామునే వీధులు శుభ్రం చేస్తున్న స్వచ్ఛంద కార్యకర్తలు చూపారు. బండిలో కలిపేస్తుంటే నిలదీసే పౌరులు కూడా ఈ అలవాటులోంచే రావాలి. ఆ నమ్మకంతోనే ఈ సంచికను ఉపాధ్యాయుల చేతుల్లో పెడుతున్నాం.