ముందు నోరు తెరిపించండి

నోటిపూత వచ్చిందంటే మన ఇళ్లలో మొదటి మాట ‘వేడి చేసింది’, ఆ తర్వాత మజ్జిగ, దానికీ లొంగకపోతే మందుల షాపులో బీకాంప్లెక్స్. చాలామందికి అంతటితో సరి. కానీ పూత పదేపదే తిరగబెట్టే మనిషికి ఏళ్ల తర్వాత ఒకనాడు మాట ముద్దగా వచ్చి, ఒకటి రెండుగా కనబడి, కాలు ఈడ్చుకుపోతే ఆ పాత పూత ఎవరికి గుర్తొస్తుంది? నోటిపుళ్లు, మర్మాంగాల పుళ్లు, కంటివాపు ఒకే జబ్బు ముఖాలని 1937లో ఇస్తాంబుల్ చర్మవైద్యుడు హులూసి బెహ్‌చెట్ చెప్పాడు. కొద్దిమందిలో ఈ బెహ్‌చెట్ జబ్బు మెదడు కాండానికి పాకుతుంది, లేదా మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టిస్తుంది. దీన్ని తేల్చే రక్తపరీక్ష ఒక్కటీ లేదు. ఎమ్మారైలో మచ్చలు, వెన్నునీటిలో పెరిగిన కణాలు మల్టిపుల్ స్క్లీరోసిస్‌లోనూ, టీబీలోనూ ఉండేవే. టీబీ మనకు ఇంటిచుట్టం కనుక అనుమానం ముందు అటే పోతుంది, పోవాలి కూడా. నా పేచీ అక్కడ కాదు. ఎమ్మారై ఫిల్మును అంతసేపు వెలుతురుకు పట్టే డాక్టరు చేయి, టార్చి తీసి నోట్లోకి వేయదేం? తలుపు దగ్గరకేసి, తోడొచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టి మర్మాంగాల పుళ్ల గురించి ఆ సిగ్గు ప్రశ్న అడగరేం? ముంజేతి మీద సూదితో గుచ్చి, ఒకటి రెండు రోజులకు పొక్కు లేచిందేమో చూసే పాథర్జీ పరీక్షకు ఖర్చు సూదిదే. అందరికీ లేవదు, లేవనంత మాత్రాన జబ్బు లేదనీ కాదు. ‘ఏడాదిలో పూత ఎన్నిసార్లు?’ అని అడగడానికైతే ఆ సూది కూడా అక్కర్లేదు. ఈ జబ్బును గుర్తించే 1990 నాటి అంతర్జాతీయ ప్రమాణాల్లో మొదటి షరతు అదే: కనీసం మూడుసార్లు.